ముందు కరెంటా, మందా?

మొదటివారు: రెటీనా మధ్యలో సూటి చూపునిచ్చే మాక్యులా పక్కన క్యాన్సర్ మచ్చ ఉంది. చుట్టూ నీరు చేరింది. పేషెంటుకు అక్షరాలు వంకరగా కనిపిస్తున్నాయి. ఇలాంటి కంటికి ఈ వారమే రేడియేషన్, అదే పేషెంట్లు కరెంటు అనేది, మొదలుపెట్టాలంటాను. క్యాన్సర్ ఎక్కడి నుంచి వచ్చినా సరే, ఇంకెక్కడికి పాకినా సరే. రెటీనాలో చూపును పట్టే కణాలకు తిండీ ఆక్సిజనూ అందేది వెనకున్న కోరాయిడ్ పొర నుంచే. గడ్డ ఆ పొరలో కూర్చుంటే నీరు ఊరుతుంది, రెటీనా పైకి లేస్తుంది, ఆ కణాలకు పస్తులు మొదలవుతాయి. కొద్ది రోజులైతే తట్టుకుంటాయి. వారాలు గడిచాక గడ్డను కరిగించినా, నీటిని ఇంకించినా పోయిన చూపు పూర్తిగా తిరిగి రాదు. ఆలస్యానికి ఇంత కచ్చితంగా మూల్యం కట్టాల్సి వచ్చే చోట్లు క్యాన్సర్ వైద్యంలో తక్కువే.

రెండోవారు: ఆ మచ్చ కంట్లో పుట్టింది కాదు గదండీ. కంటికి వచ్చే రక్తంలో సుమారు 85 శాతం కోరాయిడ్‌కే పోతుంది కాబట్టి రక్తంతో కొట్టుకొచ్చి అక్కడ దిగింది. ఫిలడెల్ఫియాలోని విల్స్ ఐ హాస్పిటల్ డాక్టర్లు 1997లో ఇలాంటి 420 మంది పేషెంట్ల వివరాలు ప్రచురించారు. 47 శాతం మందిలో మూలం రొమ్ము, 21 శాతం మందిలో ఊపిరితిత్తి. 34 శాతం మందికైతే కంటి జబ్బు బయటపడేనాటికి క్యాన్సర్ ఉన్నట్టే తెలియదు. చూపు మసకేసిందని, అద్దాల నంబరు మారిందేమోనని వచ్చినవాళ్లన్న మాట! వాళ్లకు ఛాతీ స్కాను కావాలి, బయాప్సీ కావాలి, జన్యుపరీక్ష కావాలి. కలుపు గట్టు మీద కనిపించిందని గట్టొక్కటీ చెక్కుకుంటూ కూర్చుంటే పొలం ఏమవుతుంది? పైగా గడ్డను మోసుకొచ్చిన రక్తమే మందునూ మోసుకొస్తుంది. మెదడులో మందుకు అడ్డుపడే గోడ ఉంటుంది. కోరాయిడ్ రక్తనాళాలకు అలాంటి గోడ లేదు. మాత్ర మింగితే అక్కడికి చేరుతుంది.

మొదటివారు: చేరుతుంది, కాదనను. ఊపిరితిత్తి క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉన్నవారికి గెఫిటినిబ్ లాంటి మాత్రలతోనే కంటి గడ్డలు కరిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఏఎల్‌కే మార్పు ఉన్నవారిలోనూ అంతే. వాళ్ల విషయంలో మీతో వాదించను. ఆ మార్పులేవీ లేనివారి సంగతేమిటి? రెండు మూడు రకాల కీమోలు వాడి, అవీ పనిచేయక, ఇప్పుడు కంటిదాకా వచ్చినవారి సంగతేమిటి? జర్మనీలో 50 మంది పేషెంట్లకు 20 సిట్టింగుల్లో 40 గ్రే రేడియేషన్ ఇచ్చి చూసిన అధ్యయనం 2002లో వచ్చింది. 36 శాతానికి చూపు మెరుగైంది, 50 శాతానికి ఉన్న చూపు నిలిచింది. రెండూ కలిపితే 86. ఈ దశ క్యాన్సర్‌లో నూటికి 86 మందికి మేలు చేసిందని చెప్పుకోగల చికిత్సలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?

రెండోవారు: ఆ అంకెలో చిక్కుంది. రేడియేషన్ ఇవ్వని గుంపేదీ ఆ అధ్యయనంలో లేదు. పోల్చి చూడటానికి అవతలి పక్కే లేనప్పుడు, నిలిచిన చూపు రేడియేషన్ వల్లే నిలిచిందని గట్టిగా ఎలా అంటాం? రేడియేషన్‌నూ మందునూ ఎదురెదురుగా పెట్టి, చీటీ వేసి పేషెంట్లను పంచి తేల్చిన పెద్ద అధ్యయనం ఈ జబ్బులో లేనే లేదు. ఇంకో సంగతి. ఆ జర్మనీ పేషెంట్లలో సగం మంది బతికింది సుమారు 7 నెలల లోపే. 20 సిట్టింగులంటే శని, ఆదివారాలు పోను నాలుగు వారాలు. 7 నెలల్లో నాలుగు వారాలంటే మిగిలిన ఆయుష్షులో ఎనిమిదో వంతు. పాడేరు నుంచి విశాఖకో, ఆసిఫాబాద్ నుంచి హైదరాబాద్‌కో వచ్చి, ఆస్పత్రి పక్క సందులో గది అద్దెకు తీసుకుని, రోజూ టోకెన్ పట్టుకుని కూర్చునేవారిని అడగండి ఆ ఎనిమిదో వంతు ఎలా గడిచిందో. ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం కార్డు మీద చికిత్స ఉచితంగానే జరుగుతుంది. తోడు వచ్చినవారి కూలి మాత్రం పోతుంది.

మొదటివారు: 20 కరెంట్లే పెట్టాలని పట్టు లేదు. 10 సిట్టింగుల్లో 30 గ్రే ఇస్తారు. ఓపిక లేనివారికి 5 సిట్టింగుల్లో 20 గ్రే ఇచ్చి ఇంటికి పంపేవారూ ఉన్నారు. చికిత్సలో భయపడాల్సిందేమీ లేదు. మొదటి రోజు వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ షీటును ముఖం మీద పరిచి, గట్టిపడేదాకా ముక్కు పక్కన, గడ్డం కింద వేళ్లతో అదిమి మాస్కు చేస్తారు. తర్వాత రోజూ ఆ మాస్కు బిగించి, కన్ను తెరిచి ఎదురుగా ఒక చుక్కను చూస్తూ ఉండమంటారు. కిరణం కణత పక్క నుంచి వస్తుంది. దాని ముందు అంచు కంటి బయటి మూల దగ్గరే ఆగుతుంది కాబట్టి ఈ కంటి లెన్సుకు తగిలేది తక్కువ. కొంచెం వెనక్కి వాల్చి పెడతారు కాబట్టి అవతలి కంటి లెన్సూ తప్పించుకుంటుంది. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు.

ఇక ఆ 7 నెలల్లో మనిషికి కళ్లతో ఏం పనో చూద్దాం. మార్ఫిన్ మాత్ర ఏదో, వాంతుల మాత్ర ఏదో స్ట్రిప్పు మీద చదివి వేసుకోవాలి. రాత్రి లేచి గడప తగలకుండా బాత్రూముకు వెళ్లాలి. దుబాయ్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్ చేస్తే ముఖం చూడాలి. ఒంట్లో శక్తి పోయినవారికి చూపు కూడా పోతే, అంతవరకు సొంతంగా చేసుకునే ప్రతి పనికీ ఇంకొకరి చెయ్యి పట్టుకోవాలి. మీరు ఎనిమిదో వంతు అన్నారు. మిగిలిన ఏడు వంతులూ ఎలా గడుస్తాయన్నది నా లెక్క.

రెండోవారు: ఆ మాస్కు కింద వెల్లకిలా పడుకోవాలి గదా? ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినవారు మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతారు. వాళ్లను బల్ల మీద చదునుగా పడుకోబెట్టి ముఖానికి ప్లాస్టిక్ బిగిస్తే ఆ కొన్ని నిమిషాలూ ఎలా ఉంటాయో వాళ్లకే తెలుసు. కొన్ని మందులను రేడియేషన్ రోజుల్లో ఆపి ఉంచుతారు. ఒంటినిండా ఉన్న జబ్బుకు అన్నాళ్లు పగ్గం వదిలినట్టే.

సిట్టింగులు తగ్గిస్తామన్నారు. తగ్గిస్తే రోజువారీ మోతాదు పెరుగుతుంది. రోజుకు 2 గ్రే అయ్యేది 3 అవుతుంది, 4 అవుతుంది. రోజు మోతాదు పెరిగినకొద్దీ ఏడాదికో రెండేళ్లకో బయటపడే నష్టం పెరుగుతుందని పాఠం చెప్పేది మీ రేడియేషన్ వాళ్లే. ఆ నష్టం కనిపించేనాటికి మనిషి ఉండడన్న ధీమాతో ఇన్నాళ్లూ నడిచింది. ఇప్పుడు ఉంటున్నారు. ఈజీఎఫ్ఆర్ మార్పున్న ఊపిరితిత్తి క్యాన్సర్‌కు ఒసిమెర్టినిబ్‌ను మొదటి మందుగా వాడిన అధ్యయనంలో సగం మంది 38.6 నెలలకు మించి బతికారు. నాలుగో దశ జబ్బులో మూడేళ్లు! అలాంటి మనిషి రెటీనాను మొదటి నెలలోనే కాల్చిపెడతారా?

మొదటివారు: మూడేళ్లు బతుకుతారంటే ఆ మూడేళ్లూ చూపు కావాలి. మీరు నా మీదికి తెచ్చిన వాదన నాకే పనికొస్తుంది. 7 నెలల మనిషికే చూపు విలువైనదైతే 38 నెలల మనిషికి ఎన్ని రెట్లు విలువైనదో లెక్క వేయండి. నష్టం మాటకొస్తే దేని సంగతి దానిదే. శుక్లం వస్తుంది, నిజమే. లెన్సు అంత సున్నితమైంది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో లెన్సుకు హాని మొదలయ్యే మోతాదును అర గ్రేకి తగ్గించింది. కానీ శుక్లం తీసి లెన్సు వేయడం మన జిల్లా ఆస్పత్రుల్లోనూ జరిగే పనే. రెటీనా రక్తనాళాలు దెబ్బతినడం మాత్రం అసలైన ప్రమాదం. రోజుకు 2 గ్రే చొప్పున 45 గ్రే దాటకపోతే అది అరుదు. నేను 40 దగ్గరే ఆగుతున్నాను.

రెండోవారు: షుగరు లేనివారిలో అరుదు. షుగరున్నవారి రెటీనా నాళాలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి, వాళ్లకు అంతకంటే తక్కువలోనే ప్రమాదం రావచ్చు. మన దగ్గర యాభై దాటిన పేషెంట్లలో షుగరు లేనివారిని వెతుక్కోవాలి. ఇంకొకటి మీకూ తెలుసు. కంటికి పాకిన క్యాన్సర్ మెదడుకూ పాకి ఉండే అవకాశం ఎక్కువ. అందుకే ముందు మెదడు ఎంఆర్ఐ చూడకుండా కంటికి ప్లాన్ వేయొద్దంటారు. ఈ రోజు కంటికి 40 గ్రే ఇచ్చి, ఆరు నెలల తర్వాత మెదడు మొత్తానికి ఇవ్వాల్సి వస్తే? అదే కంటినరానికి రెండోసారి తగలకుండా చూడాలి. ఆ నరం తట్టుకోగల మోతాదు ఇంతేనని ఉంటుంది గదా. దాన్ని మాత్రతో పోయే మచ్చ మీద మొదటే ఖర్చు పెట్టేస్తే, మాత్ర పనిచేయని రోజున చేతిలో ఏం మిగులుతుంది?

మొదటివారు: ఇది ఒప్పుకోవాల్సిన మాటే. ఎంఆర్ఐలో మెదడులోనూ గడ్డలు కనిపిస్తే కంటినీ మెదడునూ కలిపే ప్లాన్ వేస్తాం, కంటి వెనక భాగం కూడా ఆ పరిధిలోకే వచ్చేలా. అప్పుడు కంటికోసం ప్రత్యేకంగా తిప్పలేమీ ఉండవు. మెదడు శుభ్రంగా ఉండి, మాత్ర పనిచేసే రకమైతే మీ మాటే నెగ్గుతుంది. కానీ మీరు ‘మాత్రతో పోయే మచ్చ’ అని ఎంత తేలిగ్గా అన్నారో చూశారా? పోతుందో లేదో ఎవరు చూస్తున్నారు? ఆగి చూద్దామంటే రెండు మూడు వారాలకోసారి కంటిపాప పెద్దది చేసి చూడాలి, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాను తీయాలి, నీరు పెరిగిందా తగ్గిందా కొలవాలి. క్యాన్సర్ డాక్టరు ఛాతీ స్కాను చూసి ‘బాగా తగ్గింది’ అంటాడు. కంటి డాక్టరు అపాయింట్‌మెంటు వాయిదా పడుతుంది. ఛాతీలో తగ్గి కంట్లో తగ్గనివారూ ఉంటారు. ఆరు వారాలకు వచ్చేసరికి వేళ్లు లెక్కపెట్టలేని చూపు మిగిలి ఉంటుంది. ఆగడమూ ఒక చికిత్సే. దానికీ డ్యూటీ చేసేవారు ఉండాలి.

రెండోవారు: నా పక్షంలో బలహీనత అక్కడే ఉంది, దాచను. క్యాన్సర్ ఆస్పత్రి ఒకచోట, రెటీనా డాక్టరు ఇంకొకచోట. మధ్యలో ఫైలు పట్టుకుని పేషెంటు మేనల్లుడు తిరుగుతుంటాడు. ఖర్చు మాట కూడా మీరు ఎత్తకముందే నేనే అంటాను. 2024 జులై బడ్జెట్‌లో కేంద్రం ఒసిమెర్టినిబ్‌కూ మరో రెండు క్యాన్సర్ మందులకూ కస్టమ్స్ సుంకం తీసేసింది. అయినా మామూలు కుటుంబం నెలనెలా కొనగలిగే మందు కాదది. చవకగా దొరికే పాత మాత్రలతో నెట్టుకొచ్చేవారే ఎక్కువ. కానీ ఒకటి గమనించండి. రేడియేషన్ యంత్రమూ నగరంలోనే, రెటీనా డాక్టరూ నగరంలోనే. నా దారిలో నెలకు రెండుసార్లు బస్సెక్కితే చాలు. మీ దారిలో నెలంతా నగరంలోనే ఉండాలి. మనుషులు రెండుసార్లు కూడా రారనుకుంటే, ఇరవై రోజులూ మధ్యలో మానకుండా వస్తారని ఎలా నమ్ముతున్నారు?

మొదటివారు: రేడియేషన్ రోజూ జరిగే పని. ఎదురుగా మనుషులు కనిపిస్తారు, పేరు పెట్టి పిలుస్తారు, రాకపోతే ఫోన్ చేస్తారు. అందుకే చాలామంది పూర్తి చేస్తారు. సరే, నేను వదులుకునేవి చెప్తాను. మచ్చ చిన్నదై, మాక్యులాకు దూరంగా ఉండి, నీరు లేకుండా, పేషెంటుకే తెలియకుండా స్కానులో బయటపడితే దాని జోలికి పోను. మంచం పట్టి, రోజులో వారాలో మిగిలినవారికి మాస్కు చేయించను. రొమ్ము క్యాన్సర్ మాటకొస్తే మీరు కొంచెం దిగాలి. లెట్రొజోల్ లాంటి హార్మోను మాత్రల ప్రభావం తెలియడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో మాక్యులా కింద నీరు నిలవుంటే ఎలా?

రెండోవారు: దిగుతాను. హార్మోను మాత్ర మీద ఉన్న ఆవిడకు మాక్యులా కిందికి నీరు వస్తే కరెంటు పెట్టాల్సిందే. రెండు కళ్లకూ పాకితే ఇంకా త్వరగా. రెటీనా పూర్తిగా ఊడి, కంట్లో ప్రెషరు పెరిగి, నొప్పి భరించలేక కన్నే తీసేయాల్సి వచ్చే గతి ఎవరికీ పట్టకూడదు. కానీ మీరు నా మందుల నిదానాన్ని ఎత్తి చూపారు గదా, మీ కరెంటూ ఆ రోజే పని చేసేది కాదు. ఆఖరి సిట్టింగు అయ్యాక కూడా నీరు ఇంకడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. 7 నెలల మనిషికి ఒక నెల సిట్టింగులు, ఇంకో రెండు నెలలు ఎదురుచూపు. ఫలం దక్కేది ఎప్పుడు?

మొదటివారు: కాబట్టే ముందుగా మొదలుపెట్టమంటున్నాను. మీ మందు ఆరు వారాలు వాడి, అది పనిచేయలేదని తేలాక నా దగ్గరికి పంపితే, ఆ నెల సిట్టింగులూ ఆ రెండు నెలల ఎదురుచూపూ అప్పుడు మొదలవుతాయి. అదీ అప్పటికే సగం ఎండిన రెటీనా మీద.

రెండోవారు: మరి తక్కువ రోజుల్లో ముగించే దారులున్నాయి గదా? భాభా అణు పరిశోధన కేంద్రం అణు వ్యర్థాల నుంచి రుథీనియం-106 వేరుచేసి కంటికి కుట్టే రేడియేషన్ బిళ్లలు, అంటే ప్లాకులు తయారు చేసింది. చెన్నైలో 2019 నుంచి ప్రోటాన్ కిరణాలతో చికిత్స చేసే కేంద్రం నడుస్తోంది.

మొదటివారు: ప్లాకుకు రెండు ఆపరేషన్లు కావాలి, ఒకటి కుట్టడానికి, ఇంకొకటి తీయడానికి. ఒక్క గడ్డే ఉండి, మనిషి గట్టిగా ఉంటే ఆలోచించవచ్చు. కంట్లో రెండు మూడు చోట్ల ఉన్నవారికి పనికిరాదు. ప్రోటాన్ ఖర్చు మీరు చెప్పిన మాత్రల ఖర్చుతో పోటీ పడుతుంది. లినాక్ అనే మామూలు రేడియేషన్ యంత్రం మీద జరిగేదే ఎక్కువమందికి అందుబాటులో ఉన్నది. మన మాట దాని గురించే నడవనివ్వండి.

రెండోవారు: అలాగే. అయితే ఇంతసేపూ మనమిద్దరమే బేరమాడుకుంటున్నాం. ఎనిమిదో వంతు ఇచ్చుకోవడం ఇష్టమో కాదో చెప్పాల్సింది పేషెంటు. మన దగ్గర ఆ పేషెంటుకు క్యాన్సర్ ఉందనే చెప్పరు. బయాప్సీ రిపోర్టు కొడుకు జేబులో ఉంటుంది. ‘నాన్నకు తెలియనివ్వకండి డాక్టరు గారూ, కంట్లో నీరు చేరింది, కరెంటు పెడితే పోతుందని చెప్పండి’ అంటాడు. ఆయనేమో కన్ను బాగైతే మళ్లీ పొలం పనికి వెళ్లవచ్చనుకుని మాస్కు కింద పడుకుంటాడు. మిగిలిన కాలమెంతో తెలియని మనిషి ఆ కాలాన్ని దేనికి ఖర్చు పెట్టాలో ఎలా తేల్చుకుంటాడు? మందుతో మొదలుపెడితే కనీసం ఆ మాట బయటికి రావడానికి కొన్ని వారాలు దొరుకుతాయి.

మొదటివారు: ఆ వారాల్లో చూపు పోతే, నిజం తెలిసేనాటికి ఆయన ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. చెప్పకపోవడం తప్పే, దానికి చూపును జరిమానాగా వేయకండి. జబ్బు పేరు చెప్పకుండా కూడా అడగదగ్గ ప్రశ్నలున్నాయి. ‘నెల రోజులు ఊరు వదిలి ఉండగలరా? ఇంట్లో మీకు చూపు లేకపోతే ఏ పని ఆగిపోతుంది? ఇప్పుడు ఒంటికి అన్నిటికంటే బాధపెట్టేది ఏది?’ ఊపిరాడకపోవడం అని ఆయనంటే ముందు ఛాతీలో నీరు తీస్తాను. మనవడి ముఖం ఆనడం లేదు అంటే ముందు కన్ను. ఆ జవాబు మన ఇద్దరి లెక్కల కంటే బరువైంది.

రెండోవారు: బాగుంది. అయితే ఒక్క చోట గట్టిగా తేల్చుకుందాం. ఊపిరితిత్తి బయాప్సీ అయింది. జన్యుపరీక్ష రిపోర్టుకు రెండు వారాలు పడుతుందన్నారు. మాక్యులా అంచుకు నీరు వచ్చింది, చూపు ఇంకా సగం ఉంది. సిగరెట్ ముట్టని నలభై ఐదేళ్ల ఆవిడ. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉండే అవకాశం బాగా ఉంది. ఈ రెండు వారాలూ ఏం చేస్తారు?

మొదటివారు: ఎంఆర్ఐ తీయిస్తాను, మాస్కు చేయించి ప్లాన్ సిద్ధం చేయిస్తాను. నీరు పెరిగితే మొదలుపెడతాను. పెరగకముందే రిపోర్టు మీకు అనుకూలంగా వస్తే ఆపేస్తాను.

రెండోవారు: ఆపరండీ. మాస్కు తయారై, యంత్రం మీద టైము దొరికి, కుటుంబం గది అద్దె కట్టేశాక ‘ఇక అక్కర్లేదు, మాత్ర వేసుకోండి’ అని వెనక్కి పంపేవారిని చాలా తక్కువ చూశాం. మొదలైన ఏర్పాటు దాని బలంతో అదే నడుస్తుంది. రిపోర్టు చేతికి వచ్చేసరికి మూడు సిట్టింగులు అయిపోయి ఉంటాయి, ‘ఎలాగూ మొదలైంది గదా’ అంటారు.

మొదటివారు: మీ దారిలోనూ అదే బలం పనిచేస్తుంది. ‘రిపోర్టు రానివ్వండి’ అంటారు, వస్తుంది. ‘మాత్ర మూడు వారాలు చూద్దాం’ అంటారు. మూడు ఆరవుతాయి. ఏ రోజున, ఎంత నీరు పెరిగితే, ఎన్ని అక్షరాలు తగ్గితే మీరు ఓడిపోయానని నా దగ్గరికి పంపుతారో ఇప్పుడే కాగితం మీద రాసివ్వగలరా?

రెండోవారు: రాస్తాను. చార్టు మీద రెండు వరుసలు తగ్గితే పంపిస్తాను. రిపోర్టులో మార్పు ఉందని తేలితే మాస్కు పక్కన పెట్టి మూడు వారాలు నాకిస్తానని మీరూ సంతకం పెట్టండి.

మొదటివారు: రెండు వారాలిస్తాను. రెండు వరుసలు తగ్గేదాకా ఆగలేను, ఒక్క వరుస తగ్గినా పంపాలి.

రెండోవారు: రెండు వారాల్లో మాత్ర పని తేలదు.

మొదటివారు: రెండో వరుస పోయాక తిరిగొస్తుందన్న భరోసా మీరివ్వగలరా?